మా ఇంటి గంటల చెట్టు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా 2024 డిసెంబరు 17న జరిగిన సభలో ఒక విశ్రాంత ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17 నాటి నకారా తీర్పు గురించీ, కరువు భృతి గురించీ నాకు ముందు మాట్లాడిన పెద్దలు విపులంగా చెప్పారు. ఆరోగ్య విషయం ఏదైనా ఒక అరగంట చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. బి.పి., షుగరు గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. అందుచేత ఒక చెట్టు గురించి చెబుతాను. నవ్వకండి. ఆ చెట్టు మా ఆవిడను ఆసుపత్రిపాలు చేసింది. ముప్పై అయిదేళ్ళు మందుల గదిలో పనిచేసిన నన్ను నలుగురిలో తలదించుకొనేలా చేసింది.

2011లో రిటైరైన తరువాత సంవత్సరంలో సగం రోజులు బెంగుళూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాం. ఊరి చివర ఇల్లు, వెనుక కాస్త పెరడు. 2020లో నర్సరీకి వెళ్ళి ఒక మొక్క తెచ్చాను. నర్సరీవాడు దాన్ని ఏంజెల్స్ ట్రంపెట్ అన్నాడు. దేవదూత ఊదే బాకా అని అర్థమట. రెండేళ్ళలో మనిషెత్తు దాటింది. జానెడు కంటే పొడవైన పూలు, లేత నారింజ రంగు, చిటారు కొమ్మ నుంచి నేలవైపు తిరిగి గుడిగంటల్లా వేలాడుతుంటాయి. పగలు పెద్దగా వాసన ఉండదు. దీపాలు పెట్టే వేళకు మొదలై వీధి మలుపు దాకా వస్తుంది. మా ఆవిడ దానికి గంటల చెట్టు అని పేరు పెట్టింది. ఆ పేరే ఇంట్లో ఖాయమైంది.

2022 కార్తీకమాసం, మూడో సోమవారం. మా ఆవిడ తెల్లవారుజామునే తలస్నానం చేసి, కత్తెర పట్టుకొని పెరట్లోకి వెళ్ళింది. "ఏమండీ, ఇది ఉమ్మెత్తే కదా, కాస్త పెద్ద జాతి. ఉమ్మెత్త పువ్వు శివుడికి ప్రీతి. ఇవాళ ఇవే పెడతాను" అంది. నేను పేపరు చదువుతూ "పెట్టు" అన్నాను. ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. ఆవిడ ఏడెనిమిది పూలు కాడతో సహా కత్తిరించింది. కాడల్లోని పసరు వేళ్ళకు అంటింది. మంచు కదా, కుడికంట్లో నీరు వస్తే ఆ చేత్తోనే తుడుచుకుంది.

పూజ అయింది. పది గంటలవేళ కార్తీక పురాణం తీస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయంది. కళ్ళద్దాలు తుడిచి ఇచ్చాను. అప్పుడు మా కోడలు కాఫీ ఇవ్వబోయి ఆగిపోయింది. "మావయ్యగారూ, ఒకసారి ఇలా రండి. అత్తయ్యగారి కుడికన్ను చూడండి" అంది. వెళ్ళి చూశాను. ఎడమకంటి పాప మామూలుగా ఉంది. కుడికంటి పాప నల్లగా, కంటి నలుపంతా తానే అయినట్టు విచ్చుకొని ఉంది. టార్చి వేశాను. కదలలేదు.

ఒక కనుపాప విచ్చుకొని బిగుసుకుపోతే తలలో రక్తనాళం చిట్లిందేమోనని, మెదడు మీద ఒత్తిడి పడుతోందేమోనని మొదట భయపడాలి. ఆ పాఠం నాకు తెలుసు. నాకు తెలిసింది ఆ ఒక్కటే అయిపోయింది ఆ క్షణంలో. కారులో ఆసుపత్రికి వెళ్తున్నంతసేపూ ఆవిడ "నాకేం కాలేదండీ, కాస్త మసక, అంతే" అంటూనే ఉంది. అత్యవసర విభాగంలో ప్రశ్నలు వేశారు. తలనొప్పి లేదు, వాంతి లేదు, చేయి కాలు బాగానే ఉన్నాయి. "కంట్లో చుక్కలు ఏమైనా వేశారా?" అని అడిగారు. "లేదు" అని నేనే గట్టిగా చెప్పాను. నేను ఫార్మసిస్టునని కూడా చెప్పాను. స్కానింగుకు తీసుకెళ్ళారు. మా అబ్బాయి వరండాలో నిలబడి, అమెరికాలో అర్ధరాత్రి దాటిందని కూడా చూడకుండా తమ్ముడికి ఫోను చేసి, టిక్కెట్లు చూసుకోమని చెబుతున్నాడు. ఆ మాట నా చెవిన పడింది. నలభై నాలుగేళ్ళ కాపురం. ఆ బెంచీ మీద కూర్చుని నేను ఏం లెక్కవేసుకున్నానో చెప్పను.

స్కానింగు బాగానే ఉందన్నారు. ఆ స్కానింగు బిల్లు రీయింబర్స్‌మెంటు కథ వేరే ఉపన్యాసం, అది వచ్చే ఏడాదికి దాచుకుంటాను. తరువాత కంటి డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, మన అనంతపురం వైపు అమ్మాయి. ఆమె ఒక చుక్క మందు వేసి పావుగంట పైన కూర్చోబెట్టింది. అది పిలోకార్పిన్, పాపను ముడిచే మందు. నరం దెబ్బతిని పాప విచ్చుకొని ఉంటే ఆ చుక్కకు ముడుచుకుంటుంది. అట్రోపిన్ జాతి పదార్థం పడి విచ్చుకొని ఉంటే ముడుచుకోదు. ఎడమకన్ను సూదిమొనంత అయింది. కుడికన్ను చెక్కు చెదరలేదు. ఆ అమ్మాయి అడిగింది: "అమ్మా, మీ ఇంట్లో తోట ఉందా?"

అంతే. నాకు తల తిరిగింది. "ఇది ఉమ్మెత్తే కదా" అని మా ఆవిడ పొద్దుననే అన్నది. ఉమ్మెత్తలో ఉండేది ఏమిటో నేను చదువుకున్నాను, పరీక్ష రాశాను, ఉద్యోగమంతా సీసాల్లో, ఆంప్యూళ్ళలో లెక్కపెట్టాను. పెరట్లో పూసిన దాన్ని మాత్రం పోల్చుకోలేకపోయాను.

మా అదృష్టం కొద్దీ ఆవిడ కంటి లోపలి ఒత్తిడి పెరగలేదు. కొందరికి వయసుమీద కంటిలో నీరు బయటికి పోయే కోణం ఇరుకవుతుంది. అలాంటివారికి పాప ఇలా విచ్చుకుంటే ఒత్తిడి హఠాత్తుగా పెరిగి, తీవ్రమైన నొప్పితో చూపే పోవచ్చు. ఆవిడకు ఆ ఇరుకు లేదు. ఆరు రోజులు నల్లకళ్ళద్దాలు పెట్టుకొని సినిమా తారలా తిరిగింది. ఏడో రోజుకు రెండు పాపలూ సమానమయ్యాయి.

ఆ వారం రోజులూ నేను చేసిన పని ఒకటే. ఈ చెట్టు ఎవరు, ఎక్కడిది అని చదివాను. విరోధి సంగతి తెలుసుకుందామని మొదలుపెట్టాను. చివరకు జాలిపడే స్థితికి వచ్చాను.

దీని శాస్త్రీయ నామం బ్రుగ్మాన్సియా. 1753లో లిన్నేయస్ దీన్ని ఉమ్మెత్త జాతిలోనే చేర్చాడు, అంటే మా ఆవిడ చేసిన పనే ఆయనా చేశాడు. 1805లో పెర్సూన్ అనే ఆయన దీన్ని వేరుచేసి, బ్రుగ్మాన్స్ అనే డచ్చి పండితుడి పేరు పెట్టాడు. తేడా పోల్చుకోవడం తేలిక. మన ఉమ్మెత్త నడుమెత్తు మొక్క, పువ్వు ఆకాశంకేసి చూస్తుంది, కాయకు ముళ్ళుంటాయి. ఇది మానుకట్టే పొద, ఏళ్ళతరబడి బతుకుతుంది, పువ్వు నేలకేసి చూస్తుంది, కాయ నున్నగా ఉంటుంది. రెండూ వంకాయ కుటుంబమే. మిరప, పొగాకు, టమాటా, ఆలుగడ్డ అన్నీ ఆ కుటుంబమే. గుంటూరు వైపు పనిచేసిన మనబోటివాళ్ళం ఈ కుటుంబం మీద వచ్చిన సిరీ చూశాం, అప్పులూ చూశాం.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మొత్తం ఏడు జాతులు. ఒకటి బ్రెజిల్ ఆగ్నేయపు తీరం వైపుది, మిగతావి ఆండీస్ పర్వతాలవి, వాటి దిగువ వాలులవి. కొండ జాతుల స్థావరం మేఘారణ్యాలు. మీలో ఊటీ, కొడైకెనాల్ వెళ్ళినవారు మధ్యాహ్నం పూట చెట్ల మధ్యకి పొగమంచు పాకివచ్చి, వాన లేకపోయినా ఆకుల నుంచి చుక్కలు రాలడం చూసి ఉంటారు. ఆండీస్‌లో ఏడాదిలో ఎక్కువ రోజులు అదే పరిస్థితి. మేఘం కొండను ఒరుసుకుంటూ పోతుంది. కొమ్మకొమ్మకూ నాచు, నాచు నిండా నీరు, నీరు కారి వాగు. కొలంబియాలో సిబుందోయ్ అనే లోయ ఉంది, దాదాపు ఊటీ అంత ఎత్తు. ఇంకా పైన, పురాసే అనే అగ్నిపర్వతం ప్రాంతంలో దొరికిన ఒక జాతికి అగ్నిపర్వతవాసి అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. అన్నట్టు, ఊటీ, కొడైకెనాల్ కొండల్లో కూడా ఈ చెట్టు రోడ్డు పక్కన తెల్లగా పూసి కనిపిస్తుంది. అది అక్కడిది కాదు, తోటల్లోంచి బయటపడి ఆ మంచులో స్థిరపడింది. మనలో చాలామంది ఎల్.టి.సి. మీద వెళ్ళి దాని పక్కన నిలబడి ఫోటో దిగే ఉంటాం.

ఎర్రపువ్వు జాతి ఒకటుంది. దానికి వాసన లేదు. కత్తిముక్కు తేనెపిట్ట అనదగిన ఒక చిన్నపిట్ట వచ్చి ఆ పొడుగుపాటి గొట్టంలోంచి తేనె తాగిపోతుంది. తోకను మినహాయిస్తే ఒంటికంటే ముక్కు పొడవైన పక్షి లోకంలో అదొక్కటేనట. మిగతా చాలా జాతులకు రాత్రి తిరిగే పెద్ద రెక్కల పురుగులే చుట్టాలు. అందుకే మా పెరట్లో వాసన దీపాల వేళకు మొదలవుతుంది. రాని అతిథుల కోసం బెంగుళూరులో రోజూ కబురు పంపుతోందన్న మాట.

ఇప్పుడు అసలు సంగతి. 2014లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘంవారు తమ ఎర్రజాబితాలో ఈ ఏడు జాతులనూ అడవిలో అంతరించినవిగా నమోదు చేశారు. ఏడింటికి ఏడూ. ప్రపంచంలో వెయ్యి తోటల్లో పూస్తున్న చెట్టు తన సొంత కొండల్లో తనంత తాను మొలిచి పెరగడం లేదు. ఆండీస్‌లో కనిపించేవి మనిషి ఇంటి పక్కన, పొలం గట్టున, లేదా ఒకప్పుడు ఇల్లు ఉండి పోయిన చోట ఉన్నవే. కారణం ఇదీ అని ఎవరూ చూసింది లేదు కాని, శాస్త్రజ్ఞుల ఊహ ఒకటుంది. ఈ కాయను తిని గింజలను దూరంగా చేర్చే జంతువు ఏదో ఒకప్పుడు ఉండేది, అది ఎప్పుడో నశించింది. ఈ చెట్టుకు ఆ సంగతి తెలియదు. కాయ కాస్తూనే ఉంది.

మరి ఇంతకాలం ఎలా నిలిచింది? మునగలా కొమ్మ గుచ్చితే బతుకుతుంది. సిబుందోయ్ లోయలోని కమెంత్సా, ఇంగా ప్రజలు తరతరాలుగా ఇళ్ళ దగ్గర కొమ్మలు గుచ్చి పెంచారు. ఆకు ముడతపడ్డదానికి ఒక పేరు, సన్నగా పాములా ఉన్నదానికి ఒక పేరు, ఏది ఏ జబ్బుకు, ఎవరు వాడవచ్చు, ఎవరు ముట్టరాదు అన్నీ వాళ్ళ వైద్యులకు తెలుసు. 1940లలో రిచర్డ్ ఎవాన్స్ షుల్టెస్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఆ లోయకు వెళ్ళి వాళ్ళ దగ్గర నేర్చుకొని రాశాడు. సన్నాకు రకం మిగతావాటితో ఎంత పోలిక లేకుండా ఉందంటే, 1955లో ఆయన దాన్ని కొత్త ప్రజాతిగానే ప్రకటించాడు. తరువాత అది ఈ గంటల చెట్టులోనే ఒక వికృత రూపమని తేలింది. ఆకును వెచ్చచేసి కీళ్ళనొప్పులకు కట్టడం వాళ్ళ వాడుక. ఇది చదివి నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఉమ్మెత్త ఆకుకు ఆముదం రాసి, సెగ చూపించి మోకాలికి కట్టేది. సముద్రాల అవతల మనుషులు, ఎన్నడూ ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, ఒకే కుటుంబపు రెండు ఆకులతో ఒకే మోకాలి నొప్పికి ఒకే కట్టు కట్టారు.

ఇక్కడ నా వృత్తి అడ్డు వస్తున్నది కనుక ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఆ కట్టు ఇంట్లో కట్టుకోకండి. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. పుండు ఉంటే మరీను.

ఈ చెట్టులో వేరు మొదలు గింజ దాకా మూడు పదార్థాలు ఉంటాయి: స్కోపోలమిన్, హయోసయమిన్, అట్రోపిన్. శరీరంలో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఒకటి నరం చెప్పే కబురును కండరానికీ గ్రంథికీ అందిస్తుంది. ఈ మూడూ వెళ్ళి ఆ తలుపు దగ్గర అడ్డంగా కూర్చుంటాయి. ఫలితం ఏమిటి? నోరు ఎండిపోతుంది, చెమట పట్టదు, ఒళ్ళు కాలుతుంది, మొహం ఎర్రబడుతుంది, గుండె పరుగెత్తుతుంది, మూత్రం బిగుసుకుపోతుంది, కనుపాప విచ్చుకుంటుంది. మోతాదు పెరిగితే మతి తప్పుతుంది. మన పూర్వులు ఉమ్మెత్తకు ఉన్మత్తమని సంస్కృతంలో పేరు పెట్టారంటే చూసే పెట్టారు.

ఆ మతి తప్పడం నేనూ చూశాను. దానికి ముందు కొంత నేపథ్యం చెప్పాలి.

1976లో సర్వీసులో చేరాను. 1987 నాటికి పత్తి పండే తాలూకాలో ఒక ఆసుపత్రిలో ఉన్నాను. ఆ సంవత్సరం గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని నాశనం చేయడం మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. ఎన్నిసార్లు మందు కొట్టినా చావని దోమ, తీరని అప్పు. దోమకు కొట్టిన మందునే రైతు తాగిన రోజులు అవి. ఎడ్లబండి మీద, ట్రాక్టరు మీద తెచ్చేవారు. నోట నురగ, ఒళ్ళంతా చెమట, ఊపిరితిత్తుల్లో నీరు గరగర. కనుపాప మాత్రం సూదిమొనంత. ఆ పురుగుమందు అసిటైల్‌కోలిన్‌ను పోగుపడేలా చేస్తుంది. ఆ పోగును అడ్డుకొనేది అట్రోపిన్. 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూలు, గాజు మెడ విరిచి సిరంజిలోకి తీయడం, మళ్ళీ విరవడం. ఒక్కో మనిషికి ఒక్క రాత్రిలో డబ్బాలకు డబ్బాలు పోయేవి. ఇండెంటు పెట్టిన సరుకు ఎప్పుడు వస్తుందో తెలియదు. స్టాకు రిజిస్టరులో అంకె చూస్తూ, లోపల వార్డులో ఉన్న మనుషులను లెక్కపెట్టుకున్న రాత్రులు ఉన్నాయి. పాప విచ్చుకోవడం మొదలైందా, ఛాతీ ఆరిందా అని డాక్టరుగారు చూసేవారు. విచ్చుకున్న పాప మాకు శుభవార్త. 35 ఏళ్ళ తరువాత అదే పాప నా ఇంట్లో నన్ను వణికించింది.

ఒక రైతు బతికాడు. పేరు చెప్పను. మందు కాస్త ఎక్కువ పడినట్టుంది, అర్ధరాత్రి నుంచి దుప్పటి మీద లేనిదేదో ఏరడం మొదలుపెట్టాడు. గాలిలో తాడు పట్టుకున్నట్టు చేతులు తిప్పుతూ, ఎప్పుడో పోయిన తండ్రితో మాట్లాడాడు. "నాయనా, ఎలపటెద్దు కుంటుతోంది, ఇవాళ అరక వద్దులే" అన్నాడు. జవాబు విన్నట్టు తల ఊపాడు. మళ్ళీ ఏదో అడిగాడు. తెల్లవారిందాకా అదే. వాళ్ళావిడ గుమ్మంలో కూర్చుని గాలి సోకిందని ఏడ్చింది. కాదమ్మా, మందు మహిమ అని చెప్పాను. మర్నాటికి తేరుకున్నాడు, తండ్రితో మాట్లాడిన సంగతి ఒక్క ముక్కా గుర్తులేదు.

2022లో గంటల చెట్టు గురించి చదువుతుంటే షుడీ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడి సంగతి తగిలింది. ఆయన 1838 నుంచి 1842 వరకు పెరూ దేశంలో తిరిగి, 1846లో పుస్తకం అచ్చువేశాడు. అక్కడ ఒకడు ఈ ఎర్రపువ్వు చెట్టు కషాయం తాగడం కళ్ళారా చూశాడు. మొదట చూపు నిలిచిపోయింది, తరువాత ఒళ్ళంతా కొట్టుకుంది, ఆపైన గాఢనిద్ర. లేచాక తాను పితరులతో మాట్లాడి వచ్చానని చెప్పాడట. సమాధి మొక్క అని అక్కడివారు దానికి పేరు పెట్టుకున్నారు. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఆ కొండల్లో పితృదేవతలతో మాట్లాడాలని తాగేవారు. మా వార్డులో అడగకుండానే ఆ తలుపు తెరుచుకుంది. రెండుచోట్లా పదార్థం ఒకే కోవది.

ఆ వాడుకను నేను మెచ్చుకోవడం లేదు. అక్కడి పెద్దలే దీన్ని అన్నిటికంటే ఆఖరి మందుగా, నేర్చినవాడే ముట్టవలసినదిగా చూశారు. ఇవాళ కొలంబియా నగరాల్లో ఇదే జాతి పదార్థాన్ని పానీయంలో కలిపి, మనిషిని మైకంలో పడేసి దోచుకొనే దొంగలు ఉన్నారు. మన రైల్వే ప్రయాణాల్లో ఉమ్మెత్తగింజల పొడి కలిపిన మిఠాయి కథలు మీరు చిన్నప్పుడు విన్నవే.

మందుగా దీని చరిత్ర కూడా తక్కువది కాదు. ఈక్వెడార్‌లో ఎర్రపువ్వు జాతిని స్కోపోలమిన్ తీయడానికి పంటగా వేశారు. ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనుక అంటించే బిళ్ళలో ఉండేది ఆ స్కోపోలమినే. కడుపులో మెలిపెట్టే నొప్పికి ఇచ్చే బస్కోపాన్ దాని రూపాంతరమే, దానికి ముడిసరుకు ఎక్కువగా ఇదే కుటుంబంలోని ఆస్ట్రేలియా చెట్టు నుంచి వస్తుంది. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చడం మన దేశపు వాడుక. మద్రాసులో ఫిజీషియన్ జనరల్‌గా ఉన్న జేమ్స్ ఆండర్సన్ ద్వారా ఆ సంగతి తెలుసుకొన్న జనరల్ జెంట్ 1802లో దాన్ని ఇంగ్లండు చేర్చాడు. అక్కడ ఉబ్బసం సిగరెట్లు నూరేళ్ళకు పైగా అమ్మారు. ఇప్పుడు మీలో కొందరి జేబుల్లో ఉన్న ఇన్‌హేలరులో ఇప్రాట్రోపియమో, టయోట్రోపియమో ఉంటుంది. పేరులో చివర చూడండి. అట్రోపిన్ మనవలే అవి.

ఇక్కడ మన వయసువారికి పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. జలుబుకు వేసే ఏవిల్ లాంటి మాత్రలు, నిద్రకూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, మాటిమాటికీ మూత్రం రాకుండా ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, చేతులు వణికేవారికి ఇచ్చే పాసిటేన్, ఇవన్నీ ఎంతో కొంత అదే తలుపుకు అడ్డం కూర్చునేవే. ఒక డాక్టరు ఒకటి, మరో డాక్టరు మరొకటి, పక్కింటాయన చెప్పినది ఇంకొకటి. మూడూ కలిస్తే డెబ్బై దాటిన మెదడు తట్టుకోలేదు. ప్రోస్టేటు ఉన్నవారికి మూత్రం బిగుస్తుంది. ముసలాయనకు చాదస్తం ఎక్కువైంది, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు అని ఇంట్లో అనుకుంటారు. నేను పనిచేసిన రోజుల్లో ఇలా ఇద్దరి మాత్రల సంచీ బోర్లించి చూసి డాక్టరుగారికి చూపిస్తే, ఆయన రెండు మాత్రలు తీసేశారు. వారంలో మనిషి మనిషయ్యాడు. మీకై మీరు ఏదీ మానేయకండి, పాసిటేన్ లాంటివి హఠాత్తుగా మానడం కూడా ప్రమాదమే. సంచీ మొత్తం పట్టుకెళ్ళి ఒక్క డాక్టరు ముందు పెట్టండి. చెట్టు ఆకో, పువ్వో ఎవరైనా తింటే మాత్రం ఆలస్యం చేయక, ఆ కొమ్మను సంచీలో వేసుకొని ఆసుపత్రికి వెళ్ళండి. మూడు గంటలు నేను చెప్పలేని జవాబు ఆ కొమ్మ చెబుతుంది.

చివరగా మా ఇంటి తగవు. ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే మా అబ్బాయి గొడ్డలి తెచ్చాడు. ఇంట్లో మూడేళ్ళ మనవడు ఉన్నాడు, వాడికి ప్రతిదీ నోట్లో పెట్టుకొనే వయసు. అబ్బాయిది తప్పని నేను అనలేను. మా ఆవిడ నల్లకళ్ళద్దాలతో గుమ్మంలోకి వచ్చి, "దాని తప్పేముంది? చెయ్యి కడుక్కోనిది నేను" అంది. ఆ రాత్రి తగవు తేలలేదు. వారం తరువాత నేను చదివినదంతా భోజనాల దగ్గర చెప్పాను, అడవిలో లేదన్న సంగతితో సహా. అందరూ కాసేపు మాట్లాడలేదు. మా కోడలే తీర్పు చెప్పింది. పెరట్లో చెట్టు ఉండడానికి వీల్లేదు. దాని కొమ్మ ఒకటి డాబా మీద ఉండవచ్చు, డాబా తలుపుకు తాళం ఉండాలి, తాళంచెవి తన దగ్గర ఉండాలి.

అలాగే చేశాం. చెట్టును నేనే తీయించాను. చేతితొడుగులు వేసుకొని, కళ్ళకు అద్దాలు పెట్టుకొని ఒక మూరెడు కొమ్మ డ్రమ్ములో గుచ్చాను. కోడలు ఒక రేకుమీద తెలుగులోను, కన్నడంలోను "విషం, ముట్టరాదు" అని రాసి కట్టింది. 2023 శ్రావణంలో అది పూసింది. ఇప్పుడు సాయంత్రాలు మా ఆవిడ కోడలి దగ్గర తాళంచెవి పుచ్చుకొని డాబా ఎక్కి, నాలుగు గజాల దూరంలో కుర్చీ వేసుకుంటుంది. శివుడికి మారేడు పత్రి పెడుతోంది.

సభ అయ్యాక కొమ్మ కావాలని అడుగుదామనుకొనేవారికి ముందే మనవి చేస్తున్నాను. నేను ఇవ్వను. కోడలిని అడగాలి. ఆవిడ మొదట మీ ఇంట్లో చిన్నపిల్లలు ఎందరో అడుగుతుంది.

మా ఆవిడ రెండో వరుసలో కూర్చుని గడియారం చూపిస్తోంది. మీ భోజనాల వేళ కూడా అయింది.